పక్కన చిల్లున్న నీలం జాడీ

బోర్లా మాస్టారి దగ్గరికి పాత మట్టిపాత్ర ఏదైనా పట్టుకెళ్తే, ఆయన ముందు దాన్ని బోర్లిస్తారు. మనిషిని పలకరించడం ఆ తర్వాతే. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఓసారి చుట్టాలింట్లో చేతికిచ్చిన కప్పును కూడా, అందులో టీ ఉందన్న సంగతి మర్చిపోయి బోర్లించేశారు. ప్యాంటంతా తడిసింది. అయినా తొణక్కుండా, "కొత్త కప్పే, పాతది కాదు" అని తేల్చి చెప్పారట. బోర్లా మాస్టారు అన్న పేరు అక్కడ పుట్టిందే. దాని ముందు అసలు పేరు ఎప్పుడో వెనక్కి పోయింది.

ఏ పాత్రకైనా ఆయన వేసే ప్రశ్నలు రెండే. ఎవరు చేశారు? ఎందుకు చేశారు? అడుగున తీగతో కోసిన గీతలు చూస్తారు. అంచు ఎక్కడ అరిగిందో చూస్తారు. మసి ఉంటే పొయ్యెక్కినట్టు, ఉప్పు పూసి ఉంటే ఊరగాయకి వాడినట్టు. మెరిసే గ్లేజు పూత లేని చోట నాలుక ఆనించి మట్టి ఎంత గట్టిగా కాలిందో చెబుతారు. అన్నీ అయ్యాక, పిడి మొదట్లో, కుమ్మరి పచ్చిమట్టిని నొక్కి అతికించిన చోట, తన బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకుంటారు. చేసినవాడి వేలు గుంటలో తన వేలు పెట్టి చూస్తేనే ఆయనకు చెయ్యి తెలుస్తుంది.

ఆ విద్య మొత్తం కూతురికి నేర్పారు. నేర్పిందానికన్నా ఎక్కువే వచ్చింది ఆ పిల్లకి. కళ్ళకు గంతలు కట్టి పది జాడీలిస్తే, పదీ ఏ చేతివో వేలితో తడిమి చెప్పేస్తుంది. "మాస్టారూ, మీకన్నా మీ అమ్మాయి వేలు గట్టిదండీ" అని ఎవరైనా అంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ పిల్ల వేలు కోసమే బతుకుతున్నానన్నట్టు మాట్లాడేవారు. నిజానికి అది అతిశయోక్తి కూడా కాదు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. తండ్రీకూతుళ్ళిద్దరూ కింది గదిలో పొడవాటి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం చివరి ప్రూఫు ఫారాలు దిద్దుతున్నారు. చేప ముద్ర జాడీల మీద ఆయన ఇరవై ఆరేళ్ళు రాసిన పుస్తకం అది. అరవై ఏళ్ళ కిందటి ముప్పై ఒక్క నీలం జాడీలు, అన్నిటి అడుగునా చేప ముద్ర, అన్నీ ఒకే చేతివి. ఆ చెయ్యి పెద్ద మేస్త్రి అని జనం పిలిచిన ఒకనాటి కుమ్మరిదని లోకానికి మొదట చెప్పింది మాస్టారే. అట్ట మీద ఆయన పేరు పక్కన ఈసారి కూతురి పేరు కూడా ఉంటుంది. సాయంత్రం అచ్చుకు వెళ్ళాలి.

అప్పుడొచ్చింది ఆ చెక్కపెట్టె. తెచ్చినవాడు తలుపు దగ్గర పెట్టి, వానకి తడుస్తూ వెళ్ళిపోయాడు. పంపినవాళ్ళ పేరు లేదు. కూతురు మూత ఊడదీసింది. నిండా ఎండుగడ్డి, దాని మీద మడిచిన కాగితం. కాగితం మీద ఒకే ఒక్క వాక్యం, వంకర అక్షరాలతో.

'ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పగలరా?'

"పరీక్ష పెడుతున్నారు నాన్నా నీకు" అంటూ నవ్వింది కూతురు.

"పెట్టనీ. మనకు పరీక్షలు కొత్తా?"

గడ్డిలోంచి తీసింది. రెండు గుప్పిళ్ళంత జాడీ. నీలం గ్లేజు. ఆ నీలం చూడగానే ఇద్దరూ ముందుకు వంగారు. అది చేప ముద్ర జాడీల నీలమే. వాన కురవబోయే ముందు ఆకాశంలా ఉండే ఆ రంగు ఇంకే కుమ్మరి ఆవంలోనూ కాలి రాలేదు. మాస్టారు బోర్లించారు. అడుగున చేప లేదు. తీగ కోసిన గీతలు మాత్రం గవ్వ మీది చుట్లలా శుభ్రంగా ఉన్నాయి.

మూత కదల్లేదు. జాడీని, మూతనీ కలిపే కాల్చారు. లోపలికి దారి ఒక్కటే, పక్కన గుండ్రటి చిల్లు. మసి లేదు. నూనె మరక లేదు. ఉప్పు లేదు. అంచు అరగడానికి అంచే లేదు.

"నీళ్ళు పోయడానికా?" అంది కూతురు.

"మధ్యలో చిల్లుంటే నీళ్ళెక్కడ నిలుస్తాయే? సగం ఖాళీ."

"దీపానికా?"

"మసేది మరి?"

కూతురు చిల్లు మీద వేలు పెట్టబోయింది. "ఆగు, తేలో గీలో ఉంటుంది" అని మాస్టారు జాడీ ఇవతలికి లాక్కున్నారు. ఆ పిల్ల నవ్వుకుంటూ, సరేలెమ్మని పిడి మొదట్లో వేలు ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"నాన్నా... ఇది ఆ చెయ్యే. మన ముప్పై ఒక్కటీ చేసిన చెయ్యే, పిడి వంపు అదే. కానీ వాటికి ఈ చోటు అరిగిపోయి ఉంటుంది కదా. దీనికి అరగలేదు. వేలిముద్ర నిండుగా ఉంది. అడ్డంగా ఒక గాటు కూడా ఉంది, చూడు. తీగ కోసుకున్న మచ్చ."

మాస్టారి చూపు బల్ల సొరుగు మీదికి పోయింది.

"ఇంకోటి నాన్నా. ఈ వేలు చిన్నది. నా వేలంతే ఉంది." కళ్ళు తెరిచి తండ్రి వంక చూసింది. "ఇది మగవాళ్ళ వేలు కాదు."

"పిచ్చిదానా, కాలిస్తే మట్టి కుంచించుకుపోదూ? ఆమాత్రం తెలీదా?"

"ఎంత కుంచించుకుంటుందో నువ్వే నేర్పావుగా. అది లెక్కేసుకునే చెబుతున్నా."

మాస్టారికి కోపం వచ్చింది. ఆ కోపం కింద భయం ఉంది. "ముందు ఆ ఫారాలు ప్రెస్సుకి ఇచ్చిరా. ఇదంతా తర్వాత చూద్దాం" అని కసిరారు. కూతురు జాడీని బల్ల మీదే ఉంచింది. గడ్డీగాదంతో సహా పెట్టెను పక్కనున్న ఫోటోల గదిలో పెట్టి, ఫారాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, స్కూటరెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది.

"అన్ని జాడీలకీ అదే చోట ఎందుకరిగింది నాన్నా? వాడకంలో అరిగిందని నువ్వు చెప్పావని నేనే రాశాను పుస్తకంలో. మనం పిడి పట్టుకుంటే వేలు అక్కడికి రాదే."

ఆ ప్రశ్నకు జవాబు బల్ల సొరుగులో ఉంది. అరచేతిలో ఇమిడే గరుకు రాయి.

ఇరవై ఆరేళ్ళ కిందట మాస్టారు ఇంకా మాస్టారు కాలేదు. మూడు జాడీలు చూసి, ఇవి పెద్ద మేస్త్రి చేతివని ఒక పత్రికలో రాశారు. ఆ వ్యాసంతో రాత్రికి రాత్రి పెద్దవాడైపోయారు. అది అచ్చయిన పది రోజులకు ఒక ముసలావిడ వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలోనే తన పేరు చెప్పింది. పెద్ద మేస్త్రి మరదలట. నలభై ఏళ్ళు ఆయనింట్లోనే ఉంది. కుమ్మరి సారె తిప్పిందీ, గ్లేజు కలిపిందీ, ఆవం పేర్చిందీ తనేనంది. అడుగున చేప ముద్ర కొట్టడం ఒక్కటే బావ చేసేవాడంది. గొంతు పెంచలేదు. కుడిచేతి బొటనవేలు చాపింది. అడ్డంగా తెల్లటి మచ్చ. "పిడి కింద చూసుకో బాబూ. నేను చేసిన ప్రతి దాని మీదా ఇది పెట్టాను" అంది.

ఆయన చూశారు. ఆవిడ వేలు గుంటలో సరిగ్గా కూర్చుంది. ఆవిడ చెప్పింది నిజమని అప్పుడే తెలిసిపోయింది.

"ఇప్పుడెలా అమ్మా? అచ్చయిపోయింది కదా" అన్నారు.

"ఇంకోసారి అచ్చేయించు. నాకు సభలూ సన్మానాలూ వద్దు. ఎవరు చేశారని అడిగితే నా పేరొక్కటీ చెప్పు. అంతే."

చూద్దాంలెమ్మని పంపేశారు. ఆవిడ వీధి మలుపు తిరక్కముందే రాయి తీశారు. మూడు జాడీల మీదా ఆ ముద్ర అరగదీశారు. ఆ తర్వాత ఏ చేప ముద్ర జాడీ తన దగ్గరికి వచ్చినా, పరీక్షకని ఒక రాత్రి ఉంచుకుని అదే పని చేశారు. ఆవిడ మళ్ళీ వచ్చింది. జాడీ చేతిలోకి తీసుకుని పిడి మొదలు తడిమింది. నున్నగా ఉంది. చాలాసేపు అలా తడుముతూనే ఉండిపోయింది.

"నన్ను చెరిపేశావా బాబూ" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాస్టారికి అంత గుర్తుండేది కాదేమో. "ఎవరు చేశారని ఒకనాడు నేనే వచ్చి అడుగుతాను. ఆ రోజు చెప్పాలని నీ ప్రాణం కొట్టుకుంటుంది. చెప్పలేవు."

ఆ వానాకాలంలోనే ఆవిడ పోయిందని విన్నారు. అబద్ధమెందుకు, విన్నప్పుడు హమ్మయ్య అనుకున్నారు.

ఇప్పుడు బల్ల మీద ఆ వేలిముద్ర చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. కూతురు ఇంకో గంటలో వస్తుంది. మళ్ళీ తడుముతుంది. మాస్టారు సొరుగు లాగి రాయి తీశారు. జాడీ ఒళ్ళో పెట్టుకుని, పిడి మొదట్లో పెట్టి రుద్దారు.

గర్ర్... గర్ర్... గర్ర్...

నీలం పొడి రాలింది. ఊది చూశారు. ముద్ర అలాగే ఉంది. ఇంకా రుద్దారు. గ్లేజు పోయి మట్టి బయటపడింది. ముద్ర అలాగే ఉంది. ఎంత లోతుకు అరగదీస్తే అంత లోతున అది కనిపిస్తోంది. చెమటలు పట్టాయి. బయట వాన జోరందుకుంది. నాలుగు కూడా కాలేదు, గదిలో చీకటి పడినట్టయింది. కరెంటు పోయింది.

అలసిపోయి రాయి బల్ల మీద పెట్టారు.

గర్ర్... గర్ర్...

చేతులు ఖాళీగా ఉన్నాయి. రాయి బల్ల మీద ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు.

మాస్టారు ఊపిరి బిగబట్టి విన్నారు. ఎలుకేమో. కిటికీ రెక్కేమో. ఏదో ఒకటి అనుకుందామని మనసు వెతుక్కుంది. తడిసిన బంకమన్ను వాసన ముక్కుకు తగిలింది. కాలిన మట్టికి ఆ వాసన ఉండదు. పచ్చిమట్టికే ఉంటుంది. ఆ గదిలో పచ్చిమట్టి ఎప్పుడూ లేదు. చెవి కిందికి వంచారు. చప్పుడు జాడీలోంచి వస్తోంది.

భయపడ్డవాడు లేచి పారిపోవాలి. కానీ ఈయన బోర్లా మాస్టారు. ఎందుకు చేశారో తెలియని పాత్ర ఒళ్ళో ఉంటే ఆయన లేవలేరు. చిల్లు దగ్గరగా చూశారు. లోపలి అంచు నున్నగా గుండ్రంగా తిప్పి ఉంది, ఏదో మెత్తటిది గీరుకోకుండా లోపలికి వెళ్ళాలన్నట్టు. కొలిచి చూడాలనిపించింది. కొలవడానికి ఆయనకు తెలిసింది ఒకటే. ముప్పై ఏళ్ళుగా చేసిన పనే చేశారు.

బొటనవేలు చిల్లులో పెట్టారు.

సరిపోయింది. ఆయన వేలు కోసమే చేసినట్టు సరిపోయింది. లోపల చల్లగా ఉంది. తడిగా ఉంది. మెత్తటి బంకమన్ను. అరవై ఏళ్ళ కిందట కాలిన జాడీలో, ఇంకా ఆరని మట్టి...

ఆ మట్టిలోంచి ఇంకో బొటనవేలు వచ్చి ఆయన వేలికి ఆనింది.

చిన్న వేలు. మధ్యలో అడ్డంగా గాటు.

"ఎవరు చేశారు?"

గొంతు పెద్దది కాదు. చెవి దగ్గర ఎవరో ఊపిరి వదిలినట్టుంది.

మాస్టారు వేలు లాక్కోబోయారు. రాలేదు.

"ఎవరు చేశారు బాబూ?"

అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. ఎవరున్నారని అక్కడ వినడానికి? కానీ ఇరవై ఆరేళ్ళుగా నాలుకకి అలవాటైన మాట నాలుక మీదికి ముందే వచ్చి కూర్చుంది.

"పె... పెద్ద మేస్త్రి" అన్నారు.

లోపల రుద్దడం మొదలైంది.

నొప్పి లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. ఏదో పోతోందని తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు. గర్ర్... గర్ర్... తీరిగ్గా, ఓపిగ్గా, పనితనం తెలిసిన చెయ్యి చేసినట్టు. చిల్లు అంచు నుంచి సన్నటి పొడి ఆయన ఒళ్ళోకి రాలుతోంది. రక్తం లేదు. ఇటుక రంగు మట్టిపొడి. మాస్టారు అరిచారు. వానలో ఆ అరుపు ఆయనకే వినిపించలేదు.

ఉన్నట్టుండి వదిలేసింది.

వేలు బయటికి వచ్చింది. కిటికీ వెలుతురులో చూసుకున్నారు. గీత లేదు. చుట్టు లేదు. గ్లేజు వేసిన మట్టిలా నున్నగా ఉంది. బల్ల అంచు తాకి చూశారు. వేలికి ఏమీ తెలియలేదు. గ్లేజు ఎక్కడుందో, మట్టి ఎక్కడుందో, గుంట ఎక్కడుందో... ఏమీ లేదు. ఆ ఒక్క వేలితో ఆయన సంపాదించుకున్నదంతా పోయింది.

పోతే పోయింది అనుకున్నారు. ముందు కూతురికి ఫోన్ చెయ్యాలి. అచ్చు ఆపమనాలి. నిజం మొత్తం చెప్పెయ్యాలి. ఫోన్ తీసి బొటనవేలు ఆనించారు. పొద్దున్నించీ వందసార్లు తెరుచుకున్న ఫోన్ 'గుర్తించలేదు' అంది. మళ్ళీ ఆనించారు. గుర్తించలేదు. నంబరు కొట్టి తెరవచ్చు, కానీ ఆ నంబరు పెట్టింది కూతురు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన గుర్తుపెట్టుకోలేదు.

అప్పుడు పెరటి తలుపు చప్పుడైంది. స్కూటరు తాళాలు గిలక్కుమన్నాయి. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"తల్లీ! వచ్చావా?"

"వచ్చా నాన్నా. నిలువునా తడిసిపోయాను, ఇటునుంచొచ్చా" అంది కూతురు ఫోటోల గదిలోంచి. "ఫారాలు వాళ్ళకివ్వలేదు. మనసొప్పలేదు. ఆ వేలు సంగతి తేలాకే ఇద్దాం. కోప్పడకు."

"కోప్పడనమ్మా" అన్నారు మాస్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు చెప్పిందే నిజం. అవి పెద్ద మేస్త్రివి కావు. ఇట్రా, అంతా చెబుతాను."

"ఒక్క నిమిషం. పెట్టె అడుగున గడ్డిలో ఇంకోటుంది నాన్నా, చూసుకోలేదు మనం. ఇదీ అలాంటిదే. కాస్త చిన్నది. చిల్లు కూడా చిన్నదే."

మాస్టారు లేవబోయారు. ఒళ్ళో జాడీ బండరాయంత బరువెక్కింది.

"ముట్టుకోకు! తల్లీ, వేలు పెట్టకు!"

"తేలేమీ లేదులే, టార్చి వేసి చూశా" అంది ఆ పిల్ల. ఏ పాత్రనైనా ముందు బొటనవేలితోనే పలకరించాలని నేర్పింది ఆయనే. "అబ్బ, సరిగ్గా సరిపోయింది. లోపల తడిగా ఉంది నాన్నా..."

ఫోటోల గదిలో టార్చి కిందపడ్డ చప్పుడైంది.

"నాన్నా..." ఈసారి గొంతు మారింది. చిన్నప్పుడు చీకటికి భయపడి పిలిచినట్టు పిలిచింది. "ఎవరో నా వేలు పట్టుకున్నారు. ఎవరు చేశారని అడుగుతున్నారు. పేరు చెబితే వదిలేస్తానంటున్నారు. నాకు తెలీదు నాన్నా. నీకు తెలుసుగా. చెప్పు."

"చెబుతున్నానమ్మా, చెబుతున్నాను! అది చేసింది..."

మాస్టారి నోరు తెరిచే ఉంది.

ఆవిడ మొహం గుర్తుంది. చాపిన వేలు గుర్తుంది. గాటు గుర్తుంది. గుమ్మంలో నిలబడి ఆవిడ తన పేరు చెప్పింది. చెప్పిందన్నది కూడా గుర్తుంది. కానీ ఆ పేరు ఆయన ఎక్కడా రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరి ముందూ అనలేదు. తనలో తానైనా తలుచుకోలేదు. ఉండాల్సిన చోట ఇప్పుడు వెతికితే, మనసు నున్నగా తగిలింది.

"నాన్నా, తొందరగా చెప్పు..."

ఒళ్ళోని జాడీ వంక చూశారు. పిడి మొదట్లో ఎంత రుద్దినా పోని ఆ చిన్న ముద్ర ఇప్పుడు లేదు. అక్కడ వెడల్పాటి మగవాడి వేలిముద్ర ఉంది. గాటు లేదు. ప్రతి గీతా స్పష్టంగా ఉంది. అది తన వేలు. దాని మీద నీలం గ్లేజు, గ్లేజు మీద ఏనాడో పడ్డ సన్నటి నెర్రెలు. ఆ ముద్ర పక్కనే, ఇంకో వేలు కోసం నొక్కి ఉంచినట్టు, చిన్న గుంట ఒకటి ఖాళీగా ఉంది.

ఫోటోల గదిలో చప్పుడు మొదలైంది.

గర్ర్... గర్ర్...

ఆయన చూస్తుండగానే, ఆ ఖాళీ గుంటలో మొదటి గీత పడింది.